పోటు మీద వచ్చిన పెట్టె

మంగళవారం ఉదయం పదకొండు గంటల అయిదు నిమిషాలకు నేను స్టేషన్ మెట్లెక్కాను. సాయంత్రం నాలుగింటికి గంగాధర్‌ని హత్యానేరం కింద మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఒకసారి రిమాండుకి పంపాక మనిషిని వెనక్కి తేవడం ఎంత కష్టమో నాకు తెలుసు. అతని భార్య పెద్దింట్లమ్మకి తెలియదు. ఆవిడ చేపల గంప బోర్లించి, గోడ వారగా దాని మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి, "సాయంత్రానికి ఆయన్ని ఇంటికి తెస్తానన్నారు కదండీ" అంది. అన్నాను. నోరు జారి అన్నదే అయినా అన్నమాట అన్నదే.

నా పేరు తలుపులమ్మ. మా అమ్మ లోవలోని తలుపులమ్మ తల్లికి మొక్కుకుంటే పుట్టానట. తొమ్మిదేళ్ల కిందట ఇదే స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్ని. అప్పట్లో ఎస్సైగా ఉన్న జగన్నాథరావు తను చెప్పిన టైము పంచనామాలో రాయమన్నాడు. నేను రాయనన్నాను. రెండు నెలలు తిరక్కుండా నేను రాజీనామా రాయాల్సి వచ్చింది. ఆయన ఊళ్లన్నీ తిరిగి, సీఐ అయి, మళ్లీ ఇక్కడికే వచ్చాడు. నేను కాకినాడలో డిటెక్టివ్ బోర్డు కట్టుకుని, పెళ్లి సంబంధాల ఎంక్వయిరీలు చేసుకుంటూ బతుకుతున్నాను. ఎవరికి న్యాయం జరిగిందో చూసేవాళ్లకే తెలియాలి.

"రండి తలుపులమ్మ గారూ. ఈసారి ఏ తలుపు తట్టడానికొచ్చారు?" అన్నాడు జగన్నాథరావు. ఈ ఎకసెక్కం ఆయన ఇరవయ్యోసారి ఆడుతున్నాడు. నన్ను పెట్టుకున్న గంగాధర్ లాయరు ఇచ్చిన చీటీ బల్ల మీద పెట్టి, కేసు చెప్పమన్నాను.

ఆయన చెప్పింది ఇది. చనిపోయినవాడు అప్పాజీ, అరవై తొమ్మిదేళ్లవాడు. ఒకప్పుడు పెళ్లిళ్లకీ జాతర్లకీ వెళ్లే ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. షుగరు వల్ల చూపు సగం పోయింది. ఒంటరి మనిషి. అతని దగ్గర పాతకాలపు గిటారు యాంప్లిఫయర్ ఒకటి ఉంది, పాత రేడియోల్లోలాగా బల్బుల్లాంటి గాజు వాల్వులతో పనిచేసేది. ఎప్పుడో పడుచుతనంలో ఓడ కళాసీ దగ్గర కొన్నాడు. లోపలి సరుకు బాగానే ఉన్నా, బయటి చెక్క పెట్టెని చెద తినేసింది. దాన్ని బాగుచెయ్యమని నావలు కట్టే గంగాధర్‌కి ఇచ్చాడు. నెలరోజుల పని నాలుగు నెలలు సాగింది. మొన్న గురువారం టీ కొట్టు దగ్గర నలుగురిలో అప్పాజీ తిట్టాడు. నీ పెట్టె నీ మొహాన కొడతానని గంగాధర్ అన్నాడు. ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి పెట్టె తెచ్చి ఇచ్చాడు. ఆరు దాటి పది నిమిషాలకి అప్పాజీ స్విచ్చి వేసి గిటారు తీగల మీద చెయ్యి వేశాడు, షాకు కొట్టి పోయాడు.

"కరెంటు వైరు మీది తొడుగు లేదు. ఆ చోట వైరు లోపలి ఇనుప రేకుకి ఆని ఉంది, ఆ రేకు నుంచే గిటారు తీగలకి కరెంటు పాకింది. ఇది ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు. పాతకాలపు రెండు కాళ్ల ప్లగ్గు, ఎర్తు కూడా లేదు. మీ వాడు కావాలనే తొడుగు ఒలిచి పెట్టాడు" అన్నాడు జగన్నాథరావు.

యాంప్లిఫయర్ చూస్తానన్నాను. సీలు వేసిన ఆస్తి, కుదరదన్నాడు. నేను పట్టుబట్టలేదు. తొడుగు ఒలిచారన్న మాట దగ్గర నాకు పేచీ లేదు, ఎవరు ఒలిచారన్నదే నా గొడవ. నా బుర్రకి అప్పుడే తెగులు పట్టిందని ఇప్పుడు తెలుస్తోంది.

లాకప్‌లో గంగాధర్ చొక్కా లేకుండా గోడకి ఆనుకుని కూర్చున్నాడు. వేళ్ల సందుల్లో ఇంకా జిగురు మరకలున్నాయి. ఏడవడం లేదు. ఏడుపు వచ్చే దశ దాటిపోయినట్టున్నాడు.

"పెట్టె ఎన్నింటికి ఇచ్చావు?" అన్నాను.

"పోటు మీద ఇచ్చానండి."

"గంట చెప్పు గంగాధరూ."

"అదేనండి చెప్పేది. ఏరు నిండా నీళ్లున్నప్పుడు ఇచ్చాను. నావలో తెచ్చానండి మరి."

నావలో ఎందుకని అడిగితే, ఆటోలో తెస్తే కుదుపులకి గాజు వాల్వులు పగులుతాయనీ, మోసుకొస్తే పెట్టెకి అంటించిన కొత్త రెక్సిన్ గీసుకుపోతుందనీ చెప్పాడు. అతని షెడ్డూ అప్పాజీ గదీ ఉప్పుటేరు ఒడ్డునే, చెరో వైపు. పాత నావ విప్పిన టేకు చెక్కతో పెట్టె కొత్తగా కట్టాడట. మూలలు పళ్లు కోసి బిగించాడట, ఒక్క మేకు వాడలేదట. హత్యకేసులో ఉన్నవాడు పెట్టె మూలల గురించి ఇంత ఇష్టంగా మాట్లాడతాడా అని నా మనసు అతని వైపు ఇంకాస్త జరిగింది.

బయటికి వచ్చి, స్టేట్‌మెంటులో నాలుగున్నర అని ఎక్కడినుంచి వచ్చిందని జగన్నాథరావుని అడిగాను.

"గంట అడిగితే పోటు అంటాడు. అంతకు ముందు ఆదివారం నాలుగున్నరకి నేను వంతెన మీద వస్తూ చూశాను, ఏరు నిండుగా ఉంది. అదే టైము. ఇంకేం కావాలి?"

నాకు నవ్వు కూడా రాలేదు. సముద్రం పక్కన ఇన్నేళ్లు ఉద్యోగం వెలగబెట్టి, పోటు రోజూ ముప్పావుగంట పైనే ఆలస్యంగా వస్తుందని తెలియని మనిషి చేతిలో ఒకడి బతుకు ఉంది. రేవులో చేపలమ్మే ముసలమ్మని అడిగినా తిథిని బట్టి పోటు ఏ వేళకో చెబుతుంది. ఆదివారం విదియ. విదియ నాడు నాలుగున్నరకి పోటు ఎక్కడిది? ఆ మాట అక్కడ అనలేదు. కాగితం లేకుండా జగన్నాథరావు ముందు నోరు విప్పితే ఏమవుతుందో ఒకసారి చూసినదాన్ని.

పన్నెండుంబావుకి అప్పాజీ గదికి చేరాను. ఒకే గది. కుర్చీ, నవారు మంచం, మూడు గిటార్లు. నేల మీద సుద్దముక్కతో మనిషి ఆకారం గీసి ఉంది, పక్కనే గోడని ఆనుకుని యాంప్లిఫయర్ పెట్టిన చోటు. గోడకి సున్నం మీద రెక్సిన్ రాసుకున్న నల్లటి గీత కనపడింది. పెట్టె వీపు గోడకి ఆనించి పెట్టేవాడన్నమాట. ఇందులో నాకు పనికొచ్చేది ఏమీ కనపడలేదు.

పనికొచ్చేది పెరట్లో దొరికింది. పెరటి తలుపు తీస్తే ఏట్లోకి పన్నెండు మెట్లు. పై మెట్టు పక్కన ఒక ఇనుప కడియం, దానికి నీలం నైలాను తాడు ముక్క వేలాడుతోంది. మూడు మెట్లు కిందగా, నీళ్లలో మునిగి ఇంకో కడియం, దాని చుట్టూ మెట్ల మీద పాచి. ఇప్పుడు నీళ్లు పై మెట్ల దాకా ఉన్నాయి గనక మెట్ల మీద కూర్చుని చేత్తో తడిమి చూశాను. పాచి ఎక్కడా చెదరలేదు. నీళ్లు కిందికి ఉన్నప్పుడు బరువైన పెట్టె మోసుకుంటూ ఎక్కినవాడు ఆ పాచి మీద కాలు పెట్టకుండా ఎగిరి రాలేడు. నావని కట్టింది పై కడియానికే. నిండు పోటు మీదే వచ్చాడు.

పక్కింటి రాజరత్నం గారు హిందీ పండితురాలిగా చేసి రిటైరయిన మనిషి. నన్ను గేటు దగ్గరే నిలబెట్టి, నా ఉద్యోగం ఎందుకు పోయిందో ముందు అడిగి తెలుసుకుంది. తరువాత లోపలికి పిలిచింది. ఆదివారం ఉదయం పదిన్నర ప్రాంతంలో పెరటివైపు మాటలు వినపడ్డాయట. తరువాత గిటారు.

"పదకొండింటికి మొదలెట్టాడండి. పన్నెండింటికి కరెంటు పోయేదాకా ఆపలేదు. నాలుగు నెలల తరవాత ఆ మోత. కాస్త తగ్గించవయ్యా అని నేను గోడ మీంచి అరిచాను కూడా" అంది.

"పోలీసులకి చెప్పారా?"

"చెప్పానండి. ఆ టైముకి పెట్టె రానే లేదు, మీరు విన్నది రేడియో అన్నారు. ముప్ఫయ్యేళ్లు పాఠాలు చెప్పినదాన్ని, రేడియోకి గిటారుకి తేడా తెలీదా నాకు?"

ఇక్కడే కేసు తలకిందులైంది. పెట్టె పదిన్నరకే వచ్చింది. అప్పాజీ గంటసేపు వాయించాడు, ఏమీ కాలేదు. అంటే గంగాధర్ ఇచ్చినప్పుడు యాంప్లిఫయర్ బాగానే ఉంది. ఎవరో తరువాత చెయ్యి పెట్టారు. కరెంటు లైను పని కోసం పన్నెండింటికి పోయి సాయంత్రం అయిదున్నరకి వచ్చిందని ఆవిడే చెప్పింది. ఆ మధ్యలో ఎవరొచ్చారని అడిగాను. ఒక్కడే. మూడింటికి తెల్ల కారులో అప్పాజీ దగ్గర నేర్చుకునే కుర్రాడు సూర్యతేజ వచ్చాడు. ఆ పెట్టె నాకిచ్చెయ్యండి గురువుగారూ అని వాడు, చచ్చినా ఇవ్వనని ఈయన, గట్టిగా అనుకున్నారట. మూడూ నలభైకి కారు వెళ్లిపోయింది.

సూర్యతేజ అంటే భీమవరం వైపు రొయ్యల చెరువులున్న సుబ్బరామరాజు గారి అబ్బాయి. ఆ పేరు వినగానే నా లోపల ఏదో తృప్తిగా సర్దుకుని కూర్చుంది. ఉన్నవాడు చేసిన పాపం లేనివాడి మెడకి చుట్టడం నేను చాలాసార్లు చూశాను. ఇదీ అదేనని అక్కడికక్కడే తేల్చేసుకున్నాను.

హార్బరు ఆఫీసులో పోటు పట్టిక ఫొటో తీసుకుని, రెండున్నరకి మళ్లీ స్టేషన్‌కి వచ్చాను. ఫోను జగన్నాథరావు ముందు పెట్టాను.

"ఆదివారం నిండు పోటు ఉదయం పదీ ఇరవైకి. సాయంత్రం నాలుగూ ముప్ఫై అయిదుకి నీళ్లు అడుగంటాయి. మీరు రాసిన టైముకి ఆ ఏట్లో నావ కాదు కదా, బాతు కూడా తేలదు."

ఆయన ఆ అంకెల్ని రెండుసార్లు చూశాడు. కడియం సంగతి, పాచి సంగతి, రాజరత్నం గారి మాట ఒకటొకటిగా చెప్పాను. నాలుగింటికి కోర్టులో ఇవన్నీ లాయరు చదువుతాడనీ, విలేకరులు కూడా వస్తారనీ అన్నాను. విలేకరుల మాట అబద్ధం. ఆయన మొహంలో రంగు మారుతుంటే తొమ్మిదేళ్ల కడుపుమంట కాస్త చల్లబడింది, ఆ సంగతి దాచుకోను.

"అయితే చంపిందెవరు?" అన్నాడు.

సూర్యతేజ పేరు చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. వాళ్ల నాన్న ఎవరో తెలుసా అన్నాడు. తెలిసే చెబుతున్నానన్నాను. గంగాధర్‌ని పట్టుకొచ్చినప్పుడు వాళ్ల నాన్న ఎవరని అడగలేదు కదా అన్నాను. ఆయన బల్ల మీద పెన్ను దొర్లించాడు. "నాకు ఎవడో ఒకడు కావాలి. నువ్వు అంత గట్టిగా ఉంటే సరే" అని ఫోను తీశాడు. ఆ మాటకి నాకు ఒళ్లు జలదరించాలి. జలదరించలేదు, గెలిచానని సంబరపడ్డాను.

కుర్రాడు గురువుగారి చావుకి వచ్చి ఊళ్లోనే ఉన్నాడట. మూడూ ఇరవై అయిదుకి తనే కారు నడుపుకుంటూ వచ్చాడు. ఇరవై మూడేళ్లుంటాయి. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. మూడింటికి వెళ్లింది నిజమే అన్నాడు. పెట్టె అడిగిన మాటా నిజమే అన్నాడు. గురువుగారికి చూపు సరిగా లేదు గనక ఆ పాత ప్లగ్గుతో ప్రమాదమని, దాన్ని తను తీసుకుని కొత్తది కొనిపెడతానన్నాడట. నేను నమ్మలేదు. బాగా అతికే కథ అనుకున్నాను. అదే మాట గంగాధర్ చెబితే నమ్మేదాన్ని.

జగన్నాథరావు అప్పటికే గంగాధర్‌ని లాకప్‌లోంచి తీయించి, చొక్కా ఇప్పించి, బల్ల మీద కూర్చోబెట్టాడు. కిటికీలోంచి అది చూసి పెద్దింట్లమ్మ రోడ్డు మీదికి పరుగెత్తింది, ఆటో మాట్లాడటానికి. ఈలోగా కానిస్టేబులు యాంప్లిఫయర్ సీలు విప్పి, ఎత్తుకొచ్చి మధ్యలో పెట్టాడు. నేను దాన్ని చూడటం అదే మొదలు. నల్ల రెక్సిన్ ఎక్కడా ముడత లేకుండా పట్టి ఉంది. నాలుగు మూలలా ఇత్తడి తొడుగులు. పనితనమంటే అదీ.

"ఎక్కడ తెరిచావో చూపించు" అన్నాను కుర్రాడితో.

"నేను ముందువైపే చూశాను మేడం. వెనకవైపు గోడకి ఆనించి ఉంది" అంటూ సూర్యతేజ పెట్టె వెనక్కి వెళ్లాడు. వెళ్లి అక్కడే నిలబడిపోయాడు. వంగి, పైన చేత్తో తడిమాడు. "వెనక తెరిచి ఉండాలి కదండీ. పైన గాలి చీలికలు కూడా లేవు. ఇదంతా ఎవరు మూశారు?"

జవాబు బల్ల మీదనుంచి వచ్చింది. చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్న గంగాధర్ మొహం రెండు రోజుల్లో మొదటిసారి వెలిగింది.

"నేనేనండి. పాత పెట్టెకి వెనక సగం పలకే ఉండేది. ఉప్పుగాలికి లోపల తుప్పు పడతంది, కాస్త చూడరా అన్నారండి అప్పాజీ గారు. అందుకని వెనకంతా పలక బిగించి, పైన చీలికలు కూడా మూసేసి, సందుల్లో దూది కూరి గుగ్గిలం పెట్టానండి. నావకి పెట్టినట్టే. ఏట్లో పడేసినా చుక్క నీరు దూరదండి."

నేను స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని, నేల మీద కూర్చుని వెనక పలక విప్పాను. ఇత్తడి స్క్రూలు పదహారు. పలక ఊడి రాలేదు, గుగ్గిలం పట్టు అంత గట్టిది. కానిస్టేబులు కూడా చెయ్యి వేశాడు. రిపోర్టు రాసిన పెద్దమనిషి అడుగున రేకు విప్పి, టార్చి వేసి చూసి సరిపెట్టుకున్నట్టున్నాడు.

లోపల వాల్వుల పైన టేకు చెక్క గోధుమరంగుకి కమిలి ఉంది. కరెంటు వైరు మీది పాత రబ్బరు తొడుగు ఎవరూ ఒలవలేదు. ఒలిస్తే కత్తిగాటు ఉండాలి. ఇది వేడికి మెత్తబడి, జారి, పెళుసై పెంకులు పెంకులుగా రాలింది. రాలిన పెంకులు అడుగునే ఉన్నాయి. వైరు బోసిగా వంగి రేకు మీద పడి ఉంది. పదకొండు నుంచి పన్నెండు వరకూ అప్పాజీ ఆనందంగా వాయించిన ఆ గంటలో వాల్వుల వేడి పోయే దారి లేక అంతా లోపలే నిలిచింది. కరెంటు పోబట్టి ఆ పూట బతికాడు. సాయంత్రం ఆరు దాటాక మళ్లీ స్విచ్చి వేశాడు.

చంపినవాడు ఎవడూ లేడు. ఉదయం పట్టుబట్టి ఈ పెట్టె ఒక్కటి చూసి ఉంటే అయిదు నిమిషాల పని. నేను జగన్నాథరావు గడియారంతో తగాదా పడుతూ కూర్చుని, ఇంకో అమాయకుణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఇచ్చాను.

జగన్నాథరావు నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఎవరికీ వినపడకుండా మాట్లాడాడు.

"ఆ కుర్రాణ్ణి తీసేస్తే చూసింది మనం నలుగురమే. పలక మళ్లీ బిగించేద్దాం. మీ వాడు ఇంటికి పోతాడు. ఆ కుర్రాడి సంగతి వాళ్ల నాన్న పెద్ద లాయర్ని పెట్టి చూసుకుంటాడు. ఏమంటావ్?"

వెంటనే కాదనలేదు నేను. రోడ్డు మీద ఆటో ఆగిన చప్పుడు వింటూ కొంతసేపు ఆలోచించాను. ఆలోచించాననే మాట ఇక్కడ రాయకుండా దాటెయ్యొచ్చు, కానీ అది నిజం. తరువాత, కుర్రాణ్ణి పంపించి ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను. సూర్యతేజ వెళ్లే ముందు నా వైపు చూశాడు. క్షమించమని అడగాలి. నేను కింద పడ్డ స్క్రూలు ఏరడం మొదలెట్టాను.

గంగాధర్ ఎప్పుడు లేచి వచ్చాడో చూడలేదు. నా వెనక నిలబడి, పెట్టెలోకి వంగి చూస్తున్నాడు. కమిలిన చెక్కని వేలితో రాసి, ఆ వేలు చూసుకున్నాడు.

"వేడి పోవడానికాండి ఆ చీలికలు?"

"అవును గంగాధరూ."

"ఉప్పుగాలి రాకుండా చూడమన్నారండి ఆయన."

ఇది హత్య కాదని చెప్పాను. నిర్లక్ష్యం కింద రాస్తారు, బెయిలు వస్తుంది, లాయరుతో నేను మాట్లాడతాను అన్నాను. అతను విన్నట్టు లేదు. నాలుగు నెలలు చేశానండి అని ఒక్కమాట అన్నాడు. తిరిగి బల్ల దగ్గరికి వెళ్లాడు. పెట్టుకున్న బొత్తాలు ఒక్కొక్కటే తీసి, చొక్కా విప్పి, మడిచి బల్ల మీద పెట్టాడు. ఎవరూ చెప్పకుండానే లాకప్‌లోకి నడిచి ఇందాక కూర్చున్న చోటే కూర్చున్నాడు. కానిస్టేబులు తాళం వెయ్యాలా వద్దా అన్నట్టు సీఐ వైపు చూశాడు. తలుపు దగ్గరగా వెయ్యమని గంగాధరే చెప్పాడు.

టైము నాలుగు కావడానికి ఎనిమిది నిమిషాలుంది. పెద్దింట్లమ్మ గుమ్మం దాకా వచ్చి, చెప్పులు బయట విడిచి, లోపలికి రావచ్చో లేదో తెలియక నిలబడింది. ఆటో వచ్చిందండి, ఇంక తీసుకెళ్లమంటారా అని నన్నే అడిగింది.